రూపాయి చప్పుడుకి కదిలే గుర్రం

అనంతపురం వైపు వెళ్తున్నామంటే మా వీధిలో అందరూ ఒకటే మాట అన్నారు, "ఆ ఎండల్లోకా?" అని. మా ఆయన్ని గుర్రం ఎక్కించడానికి వెళ్తున్నామని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేమైనా ఉందా? పక్షవాతం వచ్చిన మనిషిని గుర్రం ఎక్కిస్తుందట, ఈవిడకీ ఏదో వచ్చింది అనుకునేవారు. తిరిగొచ్చాక ఇప్పుడు అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చెప్తున్నాను. కాఫీ తాగేసి సగంలో లేచిపోయే వాళ్ళ కోసం ఇలా రాసి పెడుతున్నాను.

మాది కోనసీమ. మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంజను మోతని దాటుకుని ఆయన గొంతు వెనక సీటు దాకా వినపడేది. ఇంట్లోనూ అదే గొంతు. "ఏమేవ్" అని నన్ను పిలిస్తే పక్కింటావిడ కూడా పలికేది. పోయినేడు ఒక రోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ కుప్పకూలిపోయారు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. కాలు కొంత దారికొచ్చింది, కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తారు. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి అలాగే ఉండిపోయింది. మాట పూర్తిగా పోయింది. మాటలన్నీ లోపలే ఉన్నాయి, బయటికొచ్చే దారి దెబ్బతింది అన్నారు డాక్టర్లు. మనం చెప్పేదంతా ఆయనకి అర్థమవుతుంది. ఆయన నోట వచ్చేది మాత్రం ఒక్క "ఊఁ". నాకు ఆ గొంతు మళ్ళీ వినాలని ఉంది. ఈ ప్రయాణమంతా దానికోసమే.

మా ఊళ్ళో ఆయనకి వ్యాయామం చేయించే అమ్మాయి, తనతో చదువుకున్న శైలజ అనే ఫిజియోథెరపిస్టు నల్లమాడ దగ్గర గుర్రం మీద కూర్చోబెట్టి వైద్యం చేస్తోందని చెప్పింది. నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసి "ఊఁ" అన్నారు. ఆయన ఏదైనా కావాలనుకోవడం చూసి చాలా కాలమైంది. మర్నాడే టికెట్లు తీయించాను.

ధర్మవరం

గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే అందరిలాగే మేమూ రూపాయి వేశాం. ఎడమ చేత్తో ఆయనే వేశారు. తెల్లవారి కళ్ళు తెరిచేసరికి ఇంకో లోకంలో ఉన్నాం. ఎర్రనేల, దూరంగా ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి పెట్టినట్టు బండరాళ్ళ గుట్టలు, వాటి మీద పచ్చటి ఆకు ఒక్కటీ లేదు. వంతెనలు వస్తున్నాయి, కింద నీళ్ళు లేవు. ఇక్కడ రూపాయి వేస్తే ఇసుకలో పడుతుంది. కాలవ గట్టు మీద పుట్టి పెరిగిన దాన్ని, భూమికి ఇంత ఒళ్ళు ఉంటుందని నాకు తెలియదు. చూస్తూ కూర్చుండిపోయాను.

స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నీళ్ళలో తడిపి, పిండేసి, ఉల్లిపాయలతో తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. ముప్పై రూపాయలకి ఇద్దరికీ సరిపోయేంత పెట్టాడు. మా వైపు ఈ మరమరాలు పిల్లల చిరుతిండి. ఇక్కడ అదే పెద్దవాళ్ళ ఫలహారం. పక్క సందులో ఇంటింటా మగ్గాలు టకటకమంటున్నాయి. ఒకావిడ నన్ను గుమ్మంలోంచే పిలిచి, "కొనకపోయినా సూడమ్మా, సూసేదానికి దుడ్లు లేవు" అని సగం నేసిన పట్టుచీర చూపించింది. ఇంకాసేపుంటే కొనేసేదాన్నే.

పుట్టపర్తి బస్సులో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. "అక్కకు ఫ్రీ. దుడ్లు అన్నకే" అన్నాడు కండక్టరు కుర్రాడు. మా ఆయన బిగుసుకున్న పిడికిలి చొక్కా జేబు మీదికి పోయింది. ముప్పై ఏళ్ళు చిల్లర తీసిన చెయ్యి, దాని పాత అలవాటు దానిది. ఆయన కూడా కండక్టరేనని చెప్పాను. ఆ అబ్బాయి ముందు సీట్లో వాళ్ళని లేపేశాడు. "లెయ్యండప్పా, మావోడు వచ్చినాడు!" అంటూ ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి టికెట్టు సంచీ ఆయన ఒళ్ళో పెట్టి పోయాడు. దిగేదాకా ఆయన దాన్ని వదల్లేదు.

పుట్టపర్తి

పుట్టపర్తిలో బస. ఎన్ని దేశాల మనుషులో ఆ ఒక్క వీధిలో! తెల్లటి బట్టలు కట్టుకున్న విదేశీ ఆవిడ ఒకరు కొబ్బరిబోండాల కొట్టువాడితో తెలుగులో బేరం ఆడుతోంది, అదీ సీమ తెలుగులో. ఈ ఊరికి మౌనంగా కూర్చోవడానికి సముద్రాలు దాటి వస్తారు జనం. మా ఆయన ఒక్కరే మాట్లాడదామని వచ్చారు. ఈ ముక్క ఆయనతో అంటే భుజాలు కదిలేలా నవ్వారు. ఆ రాత్రి భోజనంలో ఓళిగ మీద నెయ్యి పోసి పెట్టారు. మా బొబ్బట్టు కంటే పల్చగా, అరచెయ్యంత వెడల్పుగా ఉంది. రెండు తిని మూడోదానికి ఆయన వేలు చూపించారు.

నల్లమాడ దారిలో

మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్ళాం. ఇక్కడ చెనక్కాయ అనే వేరుశెనగ పొలాల మధ్య నాలుగు వేపచెట్లు, ఒక రేకుల షెడ్డు, ఇసుక పోసిన గుండ్రటి బాట. మెట్లెక్కలేని వాళ్ళు గుర్రం వీపు ఎత్తుకి చేరేలా వాలుగా కట్టిన సిమెంటు గట్టు. అంతే. ఆసుపత్రి అని చెప్పే బోర్డు కూడా లేదు.

గుర్రం పేరు బేగం. తెల్లటి ఆడగుర్రం, వయసు మీద పడి తోక పసుపురంగుకి తిరిగింది. దాని యజమాని మస్తాన్ మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు.

"రాండన్నా, రాండి. ఫికర్ వద్దు. ఎన్ని పెండ్లిండ్లు చేసిందో మా బేగం! కదిరి నుంచి మడకశిర దాకా ఒక్క పెండ్లికొడుకును గూడా కింద పడేయలేదు."

"పెనుకొండలో పడేసింది గదా?" అంది షెడ్డులోంచి అతని భార్య మాబున్ని.

"వాడు తాగి పడినాడు. దాంట్లో గుర్రం తప్పేముండాది?"

శైలజ వచ్చి మా ఆయనకి నమస్కారం పెట్టింది. కదిరి పిల్ల, మాట మెత్తన. గుర్రం నడిస్తే మీద కూర్చున్న మనిషి నడుము కూడా తను నడుస్తున్నట్టే కదులుతుందని, ఒళ్ళు మరిచిపోయిన నడకని అది గుర్తు చేస్తుందని చెప్పింది. అంతవరకూ నాకు బోధపడింది. ఆ తర్వాత మస్తాన్ చెప్పింది వింటే నోరు తెరుచుకుండిపోయాను.

"మాది పెండ్లి గుర్రాల ఇల్లమ్మా. మా నాయన కాలం నుంచి ఇదే పని. ఊరేగింపు పోతాంటే ఇంటింటి ముందరా ఆడోళ్ళు హారతి పళ్ళెం పట్టుకోని అడ్డం నిలబడతారు. పెండ్లికొడుకు పళ్ళెంలో రూపాయి ఏస్తే గానీ దోవ ఇయ్యరు. సూసి సూసి బేగం నేర్చుకునింది. పళ్ళెం కనపడితే ఆగుతాది. రూపాయి ఠంగుమంటే కదుల్తాది. మధ్యలో నువ్వు తిట్టు, బెల్లం పెట్టు, ఏమన్నా చెయ్యి, కదల్దు."

ఈ అలవాటు మాన్పించాలని శైలజ మొదట్లో నానా తిప్పలూ పడిందట. మధ్యాహ్నం ఎవరైనా అన్నం పళ్ళెంతో అడ్డమొస్తే చాలు, వీపు మీద మనిషి ఉన్నా సరే బేగం నిలబడిపోయేది. ఒకసారి గంగ అనే పిల్ల మీద ఉన్నప్పుడు అలాగే ఆగింది. గంగకి ఇరవై ఏళ్ళుంటాయి, పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ స్వాధీనంలో ఉండవు. ఆమె జడ క్లిప్పు ఊడి తల్లి చేతిలోని పళ్ళెంలో ఠంగుమని పడింది. గుర్రం కదిలింది. గంగ కేరింతలు కొట్టి, మళ్ళీ మళ్ళీ అంటూ చెయ్యి చాచిందట.

"ఆ రోజు మాకు తెలివొచ్చిందండీ" అంది శైలజ. "అప్పటి నుంచి మాన్పించడం మానేసినాం."

"నేను కావాలనే నేర్పించినా" అన్నాడు మస్తాన్.

"అవునవును, నువ్వే క్లిప్పు ఊడబీకినావు" అంది మాబున్ని.

ఇప్పుడు పళ్ళెం పట్టుకుని నిలబడేది గంగ తల్లి నారాయణమ్మే. మెడలో తాళి లేదు, నుదుట బొట్టు లేదు. మా వైపు భర్త పోయిన ఆవిడని హారతి పళ్ళెం ముట్టుకోనివ్వరు. నా మొహంలో ఆ ఆలోచన కనిపించిందేమో, ఆవిడ తగులుకుంది.

"ఏమమ్మా, అట్ల సూస్తాండావు? గుర్రానికి ముత్తైదువని తెల్సునా, ముండమోపని తెల్సునా? పళ్ళెం మోగితే సాలు దానికి."

మళ్ళీ ఆవిడ వైపు అలా చూడలేదు నేను.

మా ఆయన్ని గట్టు దగ్గరికి తీసుకెళ్ళే ముందు బేగం తనంతట తనే తల వంచి ఆ పిడికిలి మీద మూతి ఆనించింది. ఇంట్లో నన్ను కూడా తాకనివ్వరు ఆ పిడికిలిని. గుర్రాన్ని తోసెయ్యలేదు. అది ఊపిరి వదిలినప్పుడల్లా ఆయన చేతి మీది వెంట్రుకలు కదులుతున్నాయి. ఇద్దరూ అలా నిలబడ్డారు.

తలకి టోపీ పెట్టి ఎక్కించారు. ముందు మస్తాన్, ఒక పక్క శైలజ, ఇంకో పక్క మాబున్ని. బేగం నడక ఎంత నెమ్మది! ఊరేగింపు నడక. సగం చుట్టు తిరిగాక నారాయణమ్మ స్టీలు పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. గుర్రం ఆగింది. పిడికిలిలోకి శైలజ రూపాయి బిళ్ళ దూర్చింది.

"పట్టుకునేది సులువు సార్. వదిలేదే కష్టం. తొందర లేదు" అంది.

తొందర లేదు. ఎవరికీ తొందర లేదు. ఎండ నెత్తికెక్కుతోంది, ఆయన మొహం ఎర్రబడుతోంది, పిడికిలి వదలడం లేదు. నాకు తొందరగా ఉంది. ఏడాదిగా ఆయన మాట నేనే మాట్లాడుతున్నాను, ఆయన అన్నం నేనే కలుపుతున్నాను. అదే ఊపులో నా పర్సులోంచి రూపాయి తీసి పళ్ళెంలోకి విసిరాను. ఠంగుమంది. ఎవరూ సిద్ధంగా లేరు, బేగం కదిలింది. ఆయన పక్కకి ఒరిగిపోయారు. శైలజా మాబున్నీ పట్టుకోకపోతే పడేవారే.

శైలజ ఆయన్ని మళ్ళీ నిటారుగా సర్ది కూర్చోబెట్టింది. నారాయణమ్మ ఊరుకుంటుందా?

"మొగుని పెండ్లికి నువ్వే దుడ్లు ఏస్తే ఎట్లమ్మా?"

అందరూ నవ్వారు, నేను తప్ప. ఆయన కూడా నవ్వలేదు. గదికి వచ్చాక గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను తెచ్చిన అన్నం అలాగే ఉండిపోయింది. ఇంత దూరం వచ్చి చేజేతులా చెడగొట్టానా అని ఏడుపొచ్చింది.

మడకశిర

మర్నాడు గుర్రానికి సెలవు. సెలవంటే విశ్రాంతి కాదు, పెళ్ళి. సొంతవాళ్ళ ఇళ్ళలో అయితేనే, టపాకాయలు లేకపోతేనే బేగాన్ని పంపుతుంది శైలజ. మడకశిర దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబంలో పెళ్ళి. వాళ్ళకీ మస్తాన్ వాళ్ళకీ తాతల నాటి స్నేహం.

"మీరూ రాండన్నా. గదిలో కూచోని ఏం చేస్తారు?" అన్నాడు మస్తాన్, బేగాన్ని ఎక్కించిన లారీని మా బస ముందు ఆపి. నా వైపు చూడకుండానే మా ఆయన కర్ర అందుకున్నారు.

ఆ ఊళ్ళో సగం మాటలు కన్నడం. ముక్కూ మొహం తెలియని మమ్మల్ని "బన్ని, ఊట మాడి" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆకుల ముందు కూర్చోబెట్టారు. రాగిసంగటి, ఊర్బిండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు కలిపి రోట్లో దంచిన పచ్చడది. సంగటిని నమలబోతే ఎదురుగా ఉన్న ముసలాయన, "మింగాలమ్మా, నమిల్తే పండ్లకంతా అంటుకుంటాది" అన్నాడు. అప్పటికే అంటుకుంది. కోనసీమ దాని అవస్థ చూసి పంక్తి పంక్తంతా నవ్వింది. మా ఆయన ఎడమ చేత్తో చక్కగా మింగుతున్నారు.

ఎండ తగ్గాక ఊరేగింపు బయల్దేరింది. బేగం నుదుట జరీ పట్టీ, కాళ్ళకి గజ్జెలు. ఉరుములంటే ఈ ప్రాంతపు వాద్యం, పేరుకి తగ్గ మోత. నలుగురు వాయిస్తుంటే నా గుండెలు అదిరిపోయాయి. మొదటి గుమ్మం ముందు పళ్ళెంతో ఒకావిడ నిలబడింది. గుర్రం ఆగింది. పెళ్ళికొడుకు రూపాయి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు జరిగింది నేనెప్పటికీ మరిచిపోను. ఉరుములు ఆగిపోయాయి. ఆ మోతలో గుర్రానికి రూపాయి చప్పుడు వినపడదు కదా, అందుకని. వాద్యాలు ఆగగానే ఆడవాళ్ళ కబుర్లు ఆగాయి, చంకలో పిల్లలు కూడా నోళ్ళు మూసుకున్నారు. వీధి వీధంతా ఒక్క రూపాయి చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఠంగుమంది. బేగం అడుగేసింది. మళ్ళీ ఒక్కసారిగా ఉరుములు లేచాయి.

అలా ఇంటింటికీ. ఎంతమంది మనుషులు, ఎంత సంబరం, ఒక మూగజీవం వినడం కోసం అంతా ఆగడం! నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియలేదు.

మా ఆయన నన్ను వదిలేసి కర్ర పొడుచుకుంటూ గుర్రం పక్కకి చేరారు. ప్రతి గుమ్మం దగ్గరా పెళ్ళికొడుకు చేతినే చూస్తున్నారు. బస్సులో దిగేవాళ్ళనీ ఎక్కేవాళ్ళనీ చూసే చూపు అది. ఏడాదిగా ఆయన కళ్ళలో ఆ చూపు చూడలేదు.

మళ్ళీ నల్లమాడ

ఇక మిగిలింది ఒక్క పూట. సాయంత్రం రైలు. పొద్దున ఆటో రాకముందే ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

ఈసారి నేను నా పర్సు గంగ ఒళ్ళో పెట్టి, ఆమె చక్రాల కుర్చీ పక్కనే కూర్చున్నాను. గంగ నా కొంగు గట్టిగా పట్టుకుంది. "అమ్మా, నువ్వు ఈడే ఉండు" అని కష్టపడి కూడబలుక్కుంటూ చెప్పింది. చుట్టూ అందరూ నవ్వు ఆపుకున్నారు.

బేగం బయల్దేరింది. నారాయణమ్మ ఎదురొచ్చింది. గుర్రం ఆగింది. పిడికిలిలో రూపాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా అందరూ మాటలాపేశారు. పళ్ళాలు కడుగుతున్న పనిమనిషి కూడా కుళాయి కట్టేసింది. నిన్నటి వీధిలా అయిపోయింది ఆ చోటు.

అప్పుడు చూశాను, బేగం చెవి ఒకటి మెల్లగా వెనక్కి తిరిగింది. ఆయన వైపు. దాని ఒళ్ళంతా నిశ్చలంగా ఉంది, ఆ చెవి ఒక్కటే పనిచేస్తోంది. ఇన్నాళ్ళూ మేమందరం ఆయన్ని మాట్లాడండి, మాట్లాడండి అని వేధించాం. ఒక్కళ్ళమైనా ఇలా విన్నామా? ఆయన కూడా ఆ చెవినే చూస్తున్నారు.

చిటికెన వేలు వణికింది. వేలికీ అరచేతికీ మధ్య చిన్న సందు కనపడింది. ఎంతసేపైందో నాకు తెలియదు, గంగ చేతిలో నా కొంగు తడిసిపోయింది. ఉంగరం వేలు కదిలింది. రూపాయి అంచు బయటికి కనపడింది, ఆగింది, జారింది.

ఠంగ్.

ఆ చప్పుడు మీదే, దాన్ని అంటిపెట్టుకుని, ఇంకో చప్పుడు.

"రైట్... రైట్!"

మొదటిది బొంగురుగా, రెండోది పాత గొంతుతో. వెనక సీటు దాకా వినపడే గొంతు. బేగం కదిలింది. మస్తాన్ కళ్ళెం పట్టుకోవడం మరిచిపోయి నడుస్తున్నాడు. ఆయన వీపు నిటారుగా ఉంది. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు కనపడలేదు, నా కళ్ళు మసకబారిపోయాయి. నారాయణమ్మ పళ్ళెం నేల మీద పెట్టి కొంగుతో మొహం కప్పుకుంది. ఆ చుట్టు పూర్తయ్యేలోగా ఇంకో పళ్ళెం, ఇంకో రూపాయి, ఇంకో "రైట్".

గుర్రం రూపాయి చప్పుడుకి కదిలిందా, ఆయన మాటకి కదిలిందా అని మస్తాన్, మాబున్ని అక్కడికక్కడే కొట్లాట పెట్టుకున్నారు. ఇలా ఒక్కోసారి అలవాటైన మాట ముందు దారి చేసుకుని వస్తుందని, మిగతావి ఎప్పుడొస్తాయో, వస్తాయో రావో కూడా చెప్పలేనని శైలజ ఉన్నదున్నట్టు చెప్పింది. బయల్దేరేటప్పుడు ఆయన బేగం మూతికి పిడికిలి ఆనించి నిలబడ్డారు. ఆటోవాడు హారన్ కొట్టినా పట్టించుకోలేదు.

ఇంటి దగ్గర

తిరుగు ప్రయాణంలో గోదావరి వచ్చింది. ఆయన రూపాయిని కుడి చేతిలోకి మార్చుకుని కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయట పెట్టారు. ఈసారి నేను చెయ్యి వెయ్యలేదు. వంతెన అంతా అయిపోయింది, నీళ్ళు దాటిపోయాయి, అప్పుడు తెరుచుకుంది పిడికిలి. గోదారమ్మకి చెందాల్సిన రూపాయి ఎవరి అరటితోటలోనో పడింది. "రైట్" అన్నారాయన గంభీరంగా. పెట్టె అంతా తిరిగి చూసింది.

"ఏమేవ్" ఇంకా రాలేదు. ఆయన దగ్గర ఇప్పటికి ఒక్క మాటే ఉంది. పొద్దున్నే స్టీలు పళ్ళెంలో కాఫీ గ్లాసు పెట్టుకుని వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడతాను. ఎడమ చేత్తో గ్లాసు తీసుకుంటారు, కుడి పిడికిలిలో రూపాయి ఉంటుంది. ఖాళీ పళ్ళెం పట్టుకుని అలాగే ఉంటాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, పక్కింటావిడ పిలుస్తుంటుంది, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే కదులుతుంటాయి. రూపాయి మోగి, ఆయన "రైట్" అనే దాకా నేను అక్కడి నుంచి కదలను.